కలిసిన చోట ఖాళీ

టీ గిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చి అన్వరీ మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. తెరమీద తామరపువ్వు, దానికి అడ్డంగా మగ్గంలో పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె. వన్ టౌన్‌లో చేనేత బట్టల వ్యాపారం చేసే వెంకటప్పయ్య గారి చీరల లేబుల్ అది. బొమ్మలు రెండింటినీ ఒకదానిమీదికి ఒకటి జరిపి ఒక్కటిగా చేయాలి. 'వెల్డ్' నొక్కితే మధ్య గీతలు చెరిగిపోయి రెండూ అతుక్కుపోతాయి. 'కంబైన్' నొక్కినా ఒకటవుతాయి గాని, ఒకదానిమీద ఒకటి పడిన చోట కన్నం పడుతుంది. మొదట్లో ఈ తేడా తెలియక ఎన్నిసార్లు తికమకపడిందో! ఇప్పుడు తెలుసు.

కింద షాపులోంచి భర్త ఇష్తియాక్ గొంతు మెట్లమీదుగా వినిపిస్తోంది.

"మా జాన్‌బాబు చేస్తున్నాడండీ. చెయ్యి తిరిగినవాడు. మీరేం కంగారు పడకండి."

జాన్‌బాబు ఆ షాపు మానేసి రెండేళ్లయింది. రెండువేల సంవత్సరంలో కంప్యూటర్ కొన్న కొత్తలో నాలుగు నెలలు పనిచేసి, ఆటోనగర్‌లో సొంతంగా స్టిక్కర్ల షాపు పెట్టుకున్నాడు. అతనికి టీ ఇచ్చే వంకతో వెనక నిలబడి చూస్తూ చూస్తూ అన్వరీ పని నేర్చుకుంది. అతను వెళ్లగానే కంప్యూటర్ మేడమీదికి, వంటింటి పక్కకి వచ్చింది. "వంట చూసుకుంటూనే చేసుకోవచ్చు కదా" అన్నాడు ఇష్తియాక్. తన సౌకర్యం కోసమే అనుకుని ఆమె సంతోషపడింది కూడా. అప్పట్నుంచీ పెళ్లికార్డులు, కరపత్రాలు, బట్టల సంచులమీద బొమ్మలు అన్నీ ఆమే చేస్తోంది. పేరు మాత్రం జాన్‌బాబుదే. ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "ఆడమనిషి చేసిందంటే జనానికి నమ్మకం కుదరదు. అయినా నీ పేరు బజార్లో పడటం దేనికి? నీ మంచికే కదా చెప్పేది" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఆ రోజే ఆమెకిష్టమని బందరు హల్వా కూడా తెచ్చాడు. తిట్టి ఉంటే ఏడ్చేసేది. హల్వా చేతిలో పెట్టి చెప్పిన మాటను ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు.

"అన్వరీ! అచ్చుకి ఫిల్ము తీసేవాడు షట్టర్ దించేస్తాడట. ఫ్లాపీ ఇవ్వు, తొందరగా!"

కింద నుంచి కేక. వరండాలోంచి మామగారు అబ్దుల్ రవూఫ్, "టీ ఏమైందమ్మా? వచ్చినవాళ్లు లేస్తున్నారు" అంటున్నారు. అప్పుడే వంటింట్లో టీ పొంగి మంట చుయ్‌మంది. ఆమె మౌస్ నొక్కింది, బొమ్మను ఫ్లాపీలోకి ఎక్కించింది, దాన్ని మెట్లమీద పెట్టి మసిగుడ్డ పట్టుకుని పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

నాలుగో రోజున, అచ్చయిన లేబుళ్ల కట్ట చంకలో పెట్టుకుని వెంకటప్పయ్య గారు షాపుకొచ్చారు.

"ఏమయ్యా ఇష్తియాక్, ఇదేంటి? పువ్వు మీద నాడె పడిన చోట ఈ కన్నమేంటి? కొత్త చీర మడతలో పురుగు కొట్టినట్టుంది. దీన్ని చీరకెట్టా అంటించమంటావ్?"

మేడమీద బియ్యం కడుగుతున్న అన్వరీ చేతులు నీళ్లలో ఆగిపోయాయి.

"ఏమనుకోకండి. జాన్‌బాబు సెలవులో ఉన్నాడండీ. మా ఆవిడ చేసింది. ఆడవాళ్ల పని, మీకు తెలియందేముంది!"

మా ఆవిడ చేసింది. రెండేళ్లలో ఆ మాట షాపులో వినపడటం ఇదే మొదటిసారి. ఆమె ముఖం వేడెక్కింది. సిగ్గో, కోపమో, పైకి చెప్పుకోలేని సంతోషమో ఆమెకే అర్థం కాలేదు. తప్పు తనదే. వెల్డ్ నొక్కాననే అనుకుంది. టీ పొంగకముందు నొక్కానా, పొంగాకా? గుర్తు రావడం లేదు. ఆ తప్పులో టీ గిన్నెకు వాటా లేదా? అచ్చుకు ముందు నమూనా చూడకుండానే సరేనన్న భర్తకు లేదా? అలాగని ఆయన చెడ్డవాడా అంటే కాదు. మామగారూ కాదు. ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కానప్పుడు ఈ బాధ ఎక్కణ్నుంచి వస్తోంది? బాగా కుదిరిన ప్రతి బొమ్మా జాన్‌బాబుది, చెడిపోయిన ఒక్కటీ తనది. ఈ లెక్క తప్పని తెలుస్తూనే ఉంది. ఎక్కడ తప్పిందో వేలుపెట్టి చూపించమంటే మాత్రం చూపించలేదు.

వెంకటప్పయ్య గారి గొంతు మెత్తబడింది.

"పోనీలే, మళ్లీ వేయించు. ఈసారన్నా జాన్‌బాబు చేతే చేయించు. ఆ అబ్బాయి పనితనం నాకు తెలుసు. పోయినేడు మా అమ్మాయి పెళ్లికార్డు మీద రెండు నెమళ్ల మెడలు కలిసిన చోట దీపం వెలిగేట్టు వేశాడు. ఫ్రేము కట్టించి పెట్టుకున్నాం!"

ఆ నెమళ్లు కుదరడానికి ఐదు రోజులు పట్టింది. జ్వరంతో ఉన్న కూతురు అర్ఫాను ఒళ్లో పడుకోబెట్టుకుని ఒంటిచేత్తో వేసింది. అన్వరీ చేతులు తుడుచుకుంది. చున్నీ తలమీదికి లాక్కుని మెట్లు దిగింది. ఏం చెప్పబోతోందో ఆఖరి మెట్టు దాకా ఆమెకే తెలియదు. ఇష్తియాక్ కళ్లతోనే పైకి వెళ్లమన్నాడు.

"ఆ నెమళ్లు నేను వేసినవేనండీ. ఈ కన్నం కూడా నేను పెట్టిందే. రెండూ నావే."

వెంకటప్పయ్య గారు కళ్లజోడు సర్దుకున్నారు. "మరి జాన్‌బాబు?"

"ఆయన మానేసి రెండేళ్లయిందండీ."

పెద్దాయన ఇష్తియాక్ వైపు చూశారు. ఇష్తియాక్ పెళ్లికార్డుల నమూనాలు సర్దడం మొదలుపెట్టాడు.

"సరేనమ్మా" అన్నారాయన చివరికి. "ఎప్పటికిస్తావ్?"

"రేపు మధ్యాహ్నానికండీ. అచ్చుకు పంపేముందు మీరొచ్చి ఒకసారి చూసుకోండి."

ఆయన వెళ్లాక ఇష్తియాక్ గొంతు తగ్గించి అన్నాడు. "నన్ను అబద్ధాలకోరును చేశావ్. ఇక బజార్లో తలెత్తుకోవాలా వద్దా? ముందు నువ్వు పైకి వెళ్లు."

అన్వరీకి గెలిచినట్టేమీ లేదు. ఆయన ముఖం చూస్తే జాలేసింది, ఎందుకు జాలిపడాలో తెలియక తనమీద తనకే విసుగూ వచ్చింది. పైకి వెళ్లాలనిపించింది, వెళ్లకూడదనీ అనిపించింది. తర్వాత షాపులో ఆయన కూర్చునే బల్లను రెండు చేతులతో గోడవైపుకు జరిపి, పక్కన ఇంకో బల్ల పట్టేంత చోటు చేసింది.

"రేపు వెంకటప్పయ్య గారు వచ్చేసరికి కంప్యూటర్ ఇక్కడుండాలి" అంది. "మానిటర్ నేనొక్కదాన్నే మోయలేను. రండి, ఒక చెయ్యి వేయండి."