అరవై రెండు అడుగుల నీళ్లు

మా నల్లరేగడి మైదానంలో ఎండలు ఎలా ఉంటాయంటే, ఒక ఏడు మా గొర్రె తన నీడనే నాకేసింది, తడిగా ఉందేమో అనుకుని. దాని నాలిక బొబ్బలెక్కింది, నీడ సగం అరిగిపోయింది. ఆ సగం నీడతోనే సంతకు తోలాను. నమ్మరా? మా దగ్గరా ఎవరూ నమ్మరు. ఎర్ల్ అన్న నా పేరు వింటే చాలు, నోరు తెరవకముందే నవ్వుతారు. నలభై ఏళ్లుగా గాలిమరలు బాగుచేస్తూ పొలం పొలం తిరుగుతున్నాను. చదువు రాదు గానీ, పైపు మీద చెవి పెడితే కింద పంపుకి ఏ జబ్బో చెప్పగలను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్లు వస్తే మొహం బిగించుకుని పెద్ద కోత ఒకటి కోస్తాం. వాళ్లు "అంతేనా?" అని అంతకు రెండింతలది మా మీద వదలాలి. అప్పుడు అందరం నవ్వుకుంటాం. ఇక వాళ్లు మనవాళ్లే.

మా అక్క డల్సీకి ఈ కోతలు గిట్టవు. బావ పోయాక ఒక్కతే నలభై ఒక్క ఆవుల్ని చూసుకుంటోంది. ఆ ఆవులకి, ఆమెకి ఆధారం మా నాన్న వేయించిన బోరు ఒక్కటే. నీళ్లు అరవై రెండు అడుగుల్లో ఉండేవి. వానలు కొట్టినా అరవై రెండే, కరువొచ్చినా అరవై రెండే.

కొండ అవతల బొగ్గు గని తవ్వుతామని కంపెనీ వచ్చినప్పుడు, నీళ్ల సంగతి రాసుకోవడానికి వాళ్ల తరఫున హీథర్ అనే ఆవిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, మర్యాదస్తురాలు. అక్క వరండాలో కూర్చుని టీ తాగుతూ అడిగింది.

"ఈ బోరులో నీళ్లు ఎప్పుడైనా తగ్గాయాండీ?"

అక్క నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను.

"తగ్గకేం? పెద్ద కరువప్పుడు యాభై అడుగులు దిగిపోయింది. కొండకింద చుట్టాల్ని చూడ్డానికి పోయింది లెండి. మూడు వారాలుండి, కడుపు నిండాక మళ్లీ వచ్చేసింది."

అక్క బల్లకింద నా కాలు తొక్కింది.

"వీడి మాటలు పట్టించుకోకండమ్మా."

"ఫర్వాలేదు, ఊళ్లోవాళ్లకి తెలిసినంత మాకెక్కడ తెలుస్తుంది?" అంది హీథర్, రాసుకుంటూనే.

ఆవిడ "అంతేనా?" అంటుందని ఎదురుచూశాను. అనలేదు. దండం పెట్టి వెళ్లిపోయింది. పాపం, కోత కొయ్యడం రాని మనిషి అనుకుని ఆ రాత్రంతా నవ్వుకున్నాను.

గని మొదలైంది. మూడో ఏడు అక్క బోరు డెబ్బై ఒకటికి దిగింది. మరుసటేడు ఎనభై ఎనిమిది. ఆ పై ఏడు గాలిమర తిరుగుతున్నా పైపులోంచి గాలే వచ్చింది. ఉబ్బసం మనిషిలా ఒకటే రొప్పు. తొట్టి అడుగున పచ్చటి బురదలో ఆవులు మూతులు పెట్టి నిలబడేవి.

అక్క అర్జీ పెట్టింది. గని నీళ్లనేం చేసిందో తేల్చడానికి ప్రభుత్వం ముగ్గురు పెద్దల్ని పంపింది. టౌన్‌హాల్లో ఊరంతా కూర్చుంది. నడిమధ్య కూర్చున్న పెద్దాయన ఒక కాగితం తీసి చదివాడు.

"గని రాకముందే, ఈ బోరులో నీటిమట్టం కరువు సమయంలో యాభై అడుగులు తగ్గి, మూడు వారాల్లో తిరిగి వచ్చినట్టు అనుభవజ్ఞుడైన స్థానికుడు చెప్పారు. కనుక ఇప్పటి తగ్గుదలకు గనే కారణమని తేల్చలేం."

నేను చదవలేని కాగితంలో నేనే ఉన్నాను. లేచి నిలబడ్డాను.

"అయ్యా, అది అబద్ధం. నేనే కల్పించాను. గని రాకముందు ఆ బోరు జన్మలో ఒక్క బెత్తెడు కూడా దిగలేదు!"

హాలంతా గొల్లున నవ్వింది. వెనకనుంచి కెవిన్, నా చిన్ననాటి స్నేహితుడే, అరిచాడు.

"అంతేనా ఎర్ల్? ఇంకా పెంచు!"

"నిజంరా! ఒట్టు!"

ఇంకా నవ్వారు. పెద్దాయన మంచివాడే, నెమ్మదిగా అడిగాడు.

"అప్పుడు చెప్పింది కోతా, ఇప్పుడు చెప్తున్నది కోతా? అప్పుడు అబద్ధమాడితే మీకొచ్చేదేం లేదు. ఇప్పుడు మీ అక్కగారి పొలం పోతోంది." తర్వాత అక్క వైపు తిరిగాడు. "అమ్మా, పాత కొలతలు రాసిపెట్టుకున్నారా?"

"ఎప్పుడూ మారనిదాన్ని ఏమని రాస్తానండీ?" అంది అక్క.

అంతే, అయిపోయింది.

అమ్మేసిన ఆవుల్ని తీసుకెళ్లడానికి లారీలొచ్చిన పొద్దున నేనూ వెళ్లాను. అక్క తెల్లారకముందే లేచి, ఉన్న నీళ్లన్నీ బకెట్లతో మోసి వాటికి పట్టించింది. దారిలో దాహం వేస్తుందట.

"తిట్టక్కా. నీ కాళ్లు పట్టుకుంటా, ఒక్కసారి తిట్టు."

"తిట్టే ఓపిక లేదురా. ఆ గేటు పట్టుకో."

పట్టుకున్నాను. ఒక్కొక్కటే నా పక్కనుంచి పోతుంటే అక్క పేరు పెట్టి పిలిచి, వీపు మీద చెయ్యేసి పంపింది. ముసలి ఆవు ఒకటి లారీ పలక మీద కాలు పెట్టి వెనక్కొచ్చేసింది. అక్క దాని మెడ చుట్టూ చేతులేసి ఎక్కించింది. దిగి వచ్చాక జాకెట్టు భుజం తడిసి ఉంది. ఆవు చొంగో, మరేదో, నేను అడగలేదు.

లారీలు కదిలాయి. దుమ్ము అణిగాక అక్క వచ్చి నా చేతిలోంచి గేటు తీసుకుంది. మెల్లగా మూసి, గొలుసు చుట్టి, కొక్కెం తగిలించింది. సరిగ్గా పడిందో లేదోనని ఒకసారి లాగి చూసింది.

"ఎందుకక్కా? లోపల ఒక్కటీ లేదుగా."

"తెరిచి వదిలేస్తే ఎలారా?" అంది.