ఏడవని పిల్లాడి రిపోర్టు

జూడీ లెక్క ఒకటే. ఎదురుగా కూర్చున్న పిల్లాడు ఏడిస్తే ఇంటికి, ఏడవకపోతే హోంకి. నేరాల్లో దొరికిన పిల్లల ప్రొబేషన్ ఆఫీసరుగా పదహారేళ్లు ఆ లెక్కతోనే నెట్టుకొచ్చింది. పైగా దానికి అనుభవమని పేరు పెట్టుకుంది.

అనిల్ ఏడవలేదు. ఎవరిదో మోటారుసైకిలు ఎత్తుకుపోయి పక్క ఊరు ఉతైలో దొరికిపోయిన పదిహేనేళ్ల కుర్రాడు. హోంలో ఆమె ఏమడిగినా గోడవైపు చూస్తూ హిందీలో ముక్తసరిగా బదులిచ్చాడు. ఆమెకు ఒళ్లు మండింది. 'పశ్చాత్తాపం లేదు, ఏడాది హోంలోనే ఉంచాలి' అని రాసి, నిన్ననే పిల్లల కేసులు విచారించే బోర్డుకు పంపేసింది. నిజానికి ముందు ఇల్లు చూసి తర్వాత రాయాలి. ఆమె మాత్రం ముందు రాసేసి, విచారణ రోజు పొద్దున్నే వెళ్లి ఇల్లు చూసినట్టు తల్లి సంతకం తెచ్చుకుంటుంది.

ఇవాళా అందుకే, వలసొచ్చిన తెలుగువాళ్లుండే రుఆబాంధా బస్తీకి వచ్చింది. అనిల్ తల్లి నూకాలమ్మ సంతకం పెట్టి, కాస్త గొప్పగానే చెప్పింది.

"మీ ముందు మావోడు ఏడవలేదు కదా అమ్మా? నేనే సెప్పాను. ఏడిస్తే తప్పుడోడివే అనుకుంటారు, గట్టిగుండరా అన్నాను. మీరెళ్లిపోయాక నేను సూడ్డానికెల్తే, నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు. ఆ బండాయన కాళ్లట్టుకుంటానన్నాడు."

జూడీ సంతకం కాగితం మడవబోయి ఆగి, ఆమెవైపు చూసింది.

"ఏటమ్మా అలా సూస్తున్నారు? ఇవాళ ఇంటికి పంపేత్తారు కదా?"

"ఎక్కమ్మా," అని స్కూటరు తీసింది జూడీ. విచారణ పదకొండింటికి, దుర్గ్‌లో. దారంతా వెనక నూకాలమ్మ కొడుకు గురించి చెబుతూనే ఉంది. జూడీ చెవికి ఒక్క ముక్కా ఎక్కలేదు. బండి ఎత్తుకుపోయిన మాట నిజమే కదా, ఊరుకుంటే అడిగేదెవరు అనుకుంది. అలా అనుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది. రెండుచోట్ల సిగ్నలు చూసుకోకుండా దూసుకుపోయింది.

వెళ్లేసరికి బోర్డు మేజిస్ట్రేటు మేడం చేతిలో ఆ రిపోర్టే ఉంది. అనిల్ బల్లముందు బిర్రబిగుసుకుని నిలబడ్డాడు.

"అది తప్పు మేడం," అంది జూడీ హిందీలో, ఆయాసపడుతూ. "ఇల్లు చూడకుండా రాశాను. వీణ్ణి తల్లితో పంపించండి."

మేడం చాలాసేపు నూకాలమ్మతో మాట్లాడింది, తర్వాత అనిల్‌తో. చివరికి రిపోర్టు పక్కన పెట్టి, వాణ్ణి ఇంటికి పంపుతూ ఉత్తర్వు రాసింది. నూకాలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

"ఇంతకుముందు మీ మాట నమ్మి నేను హోంకి పంపిన పిల్లల మాటేమిటి?" అని మెల్లగా అడిగింది మేడం. "వాళ్లెవరో చెప్పండి."

జూడీ నోరు తెరిచింది. ఒక్కడి పేరూ గుర్తుకు రాలేదు.