చెక్కని ముఖం

సిరా కోసం దీపపు మసిలో జిగురు కలిపి నూరుతున్నాను. ఎంత జాగ్రత్తపడినా గోళ్ల కింద నలుపు చేరుతూనే ఉంది. నా పోలిక గీసుకోవడానికి శిల్పి ఉర్సస్ వస్తానన్నాడు. గీసేది ముఖమే, చేతులు కాదు. అయినా సిగ్గుగా ఉంది.

"ఏమే అవితా, తలంటుకున్నావు, ఇవాళేమన్నా పండగా?" అంది అత్తగారు శనగలు ఏరుతూ. "ఆ కమ్మలెవరివి?"

"పక్కింటివాళ్లవి అత్తయ్యా. సాయంత్రం ఇచ్చేస్తాను."

"రాతికి కమ్మలెందుకే పిచ్చిదానా!"

మా సలోనా పట్నంలో రాతి శవపేటికలు సగం చెక్కినవే అమ్ముతారు. గొర్రెను మోసే కాపరి, పావురాలు, ద్రాక్షతీగలు అన్నీ ముందే పూర్తిచేస్తారు. నడుమ ఒక పెద్ద ఆల్చిప్ప ఆకారంలో మొగుడూ పెళ్లాల బొమ్మలను నిలబెడతారు. ముఖాలు మాత్రం మొరటు ముద్దలు. కొన్నవాళ్ల పోలికలు తర్వాత చెక్కుతారు. మా ఇద్దరి కోసం ముందుగానే కొనిపెట్టుకున్న పేటిక మీద నా భర్త సబాటియస్ ముఖం పోయిన వారమే పూర్తయింది. ఆయన చేతిలో గ్రంథపు చుట్ట ఉంది. ఆయన భుజం మీద నా చెయ్యి ఉంది. దానికి పైన, నా ముఖం ఉండాల్సిన చోట, ముద్ద.

ఆయన కళ్లకు పొర కమ్మినప్పటి నుంచి చదివేది నేను, రాసేది నేను. మరణించినవాళ్లు తిరిగి లేవడం గురించి ఆయన చెబుతుంటే రెండు శీతాకాలాలుగా రాస్తున్నాను. చెప్పింది మర్చిపోతే గుర్తుచేస్తాను, తడబడితే వాక్యం పూర్తిచేస్తాను. ఇంటికొచ్చిన మతగురువులు ఆ రాత చూసి, "కళ్లు పోయినా ఎంత రాశారండీ!" అంటారు. ఆయన వినయంగా తల వంచుకుంటారు. ద్రాక్షసారా గిన్నెలు పట్టుకుని నేను పక్కనే ఉంటాను. నాకు పిల్లలు లేరు, నా ముక్కూ నా గడ్డమూ మోసేవాళ్లు ఎవరూ లేరు. పెద్దల దినాన సమాధుల దగ్గర కూర్చుని తినేవాళ్లు ఒకసారి తలెత్తి, "ఈవిడెవరో" అనుకుంటే చాలనిపించింది.

ఉర్సస్ వచ్చాడు. "వెలుతురు వైపు తిరగమ్మా," అంటూ మైనపు పలక తీశాడు. తిరిగాను. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను.

లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఉర్సస్, ఆవిడది ఉండనీవయ్యా."

"ఎందుకండీ? ఒక్క పూట పని."

"నాలుగేళ్లుగా దగ్గుతోంది. ముందు ఆవిడే పోతే, నేనేమో మళ్లీ చేసుకోవాల్సి వస్తే, రాయి మార్చగలవా? ఒకసారి చెక్కితే చెక్కినట్టే కదా."

ఆ గొంతులో కోపం లేదు, ద్వేషమూ లేదు. శిష్యులకు కఠినమైన చోటు విడమర్చి చెప్పే గొంతే అది.

"నా కొడుకు ఎంత ముందుచూపు!" అంది అత్తగారు. శనగల చేట ఆగనైనా ఆగలేదు.

ఉర్సస్ నా వైపు చూడలేదు. పలక మీద అప్పటికే గీసిన ఒక్క గీతను, నా నుదురు కాబోలు, బొటనవేలితో చదును చేశాడు. "మీ ఇష్టమండీ," అని వెళ్లిపోయాడు.

కమ్మలు తీసి గూట్లో పెట్టాను. లోపలికి వెళ్లి ఎప్పటిలా కలం ముంచాను.

"ఎక్కడ ఆపాం?" అన్నారాయన.

నిన్న నేనే రాసిన వాక్యం చదివాను. "ఆ రోజున ఎవరి ముఖం వారికి తిరిగి వస్తుంది. ఒక ముఖానికి బదులు మరొకటి ఉండదు."

"బాగుంది. రాయి. ఎందుకంటే..."

పుట్టింట్లో ఇప్పుడు అన్నదమ్ముల పెళ్లాలున్నారు. చర్చివాళ్ల విధవల ఇంట్లో మొగుడు బతికున్న ఆడదాన్ని రానివ్వరు. ఊరి బయట ఉన్నవి సమాధులే, వాటిలోనూ నాది లేదు. ఇవన్నీ తెలిసే కలం కింద పెట్టాను.

"ఎందుకంటే, చేసినవాడికి తను చేసిన ప్రతి పోలికా గుర్తుంటుంది. రాశావా?"

ఆయన జవాబు కోసం చెవి ఇటు తిప్పారు. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా గడప దాటాను.