మిగిలిన ఒక్క పిండం

భర్త ఉదయభాస్కర్ పోయిన ఏడాదికి రాజమండ్రి ఆసుపత్రి నుంచి హారతికి ఫోన్ వచ్చింది. ఆమె అప్పుడు నిడదవోలులో తమ స్టీలు సామాన్ల కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉంది. పెళ్ళివాళ్ళెవరో బిందెల మీద పేర్లు కొట్టించుకుంటున్నారు. ఆ మోతలో అవతలి మాట వినబడక బయటికొచ్చి మెట్ల మీద నిలబడింది.

"మేడం, మీ ఎంబ్రియో ఒకటి మా దగ్గర ఫ్రీజింగులో ఉందండి. గడువు అయిపోయింది. ఇంకో ఏడాది ఉంచమంటారా, వాడుకుంటారా, లేకపోతే తీసేయమంటారా? సార్‌నీ మిమ్మల్నీ ఒకసారి రమ్మన్నారండి."

"సార్ లేరండి," అంది హారతి. "పోయారు."

అవతలి అమ్మాయి "అయ్యో" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీరొక్కరే వచ్చి చెప్పినా సరిపోతుందండి," అంది.

భాస్కర్‌కి ముప్పై ఎనిమిదేళ్ళు. రోజూ పొద్దున్నే కాలేజీ గ్రౌండులో షటిల్ ఆడేవాడు. ఒకరోజు ఆట మధ్యలో ఆయాసంగా ఉందని కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. ఎనిమిదేళ్ళ కాపురంలో పిల్లల్లేరు. రెండుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నారు. మొదటిసారి అసలు నిలవలేదు. రెండోసారి నిలిచి, మూడో నెలలో పోయింది. అప్పటికి హారతి చిక్కి సగమైంది. "ఇంకొకటి ఉంది కదా, దాన్ని దాచమందాం. ముందు నువ్వు తేరుకో," అన్నాడు భాస్కర్. ఆసుపత్రిలో ఇద్దరూ సంతకాలు పెట్టారు. తనకేమైనా అయితే భార్య వాడుకోవచ్చని రాసిన చోట కూడా అతను నవ్వుతూనే పెట్టాడు.

అలా ఒకటి మిగిలి ఉందని అత్తగారు సంపూర్ణమ్మకి తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ ఒకే ఇంట్లో, ఒకే మనిషి కోసం ఏడుస్తూ, ఆ సంగతి కడుపులో దాచుకుని తిరగడం హారతి వల్ల కాలేదు. ఒక ఆదివారం వంటింట్లో చెప్పేసింది.

సంపూర్ణమ్మ పొయ్యి కట్టేసింది.

"అంటే వాడిదేనా?"

"ఇద్దరిదీనండి."

"బతికే ఉందా?"

"ఉందండీ. గడ్డకట్టించి ఉంచుతారు."

సంపూర్ణమ్మ గట్టు పట్టుకుని నిలబడి, చాలాసేపు ఏడ్చింది. కొడుకు పోయిన రోజున కూడా ఆవిడ అంత బయటపడి ఏడవలేదు. ముప్పై నిండకుండానే భర్త పోతే, మూడేళ్ళ భాస్కర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అదే కొట్టు నడిపిన మనిషి ఆవిడ. ఆ పిల్లాడే లేకపోతే తను ఆ గోదాట్లోనే దూకేదాన్నని ఎప్పుడూ చెప్పేది.

ఆసుపత్రి వాళ్ళు ఎంబ్రియో అనేవారు. సంపూర్ణమ్మ పిండం అనేది. మాసికాల్లోనూ సంవత్సరీకంలోనూ పురోహితుడి నోట విన్న మాట అది. అత్తగారు ఆ మాట అన్నప్పుడల్లా హారతికి అరిటాకు మీద పెట్టిన అన్నం ముద్ద కళ్ళకి కట్టేది.

అత్తాకోడళ్ళు ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు తణుకు నుంచి హారతి అన్నయ్య దుర్గాసాయి కూడా వచ్చాడు. డాక్టర్ మీనాకుమారి మెత్తటి మనిషే కానీ, మాట దాచే మనిషి కాదు.

"ఉన్నది ఒక్కటే. అది కూడా మొదటి రకం కాదు. మీకు ముప్పై ఐదు దాటాయి. మీలాంటి వాళ్ళలో వందమందికి పెడితే ముప్పై మందికి బిడ్డ చేతికొస్తుంది. డెబ్భై మందికి రాదు. మీరు ఏ వైపు ఉంటారో నేను చెప్పలేనండి."

"ఇంకేమైనా ఇబ్బందులున్నాయాండీ?" అని దుర్గాసాయి అడిగాడు.

"ముందు కరిగించాలి. అందులో నూటికి తొంభైకి పైగా బాగానే తేరుకుంటాయి. దాని గురించి బెంగపెట్టుకోకండి."

దాని గురించి ఎవరూ బెంగపెట్టుకోలేదు. సంపూర్ణమ్మకి ముప్పై అన్న మాట ఒక్కటే వినబడింది. బయటికొచ్చాక ఆవిడ బెంచీ మీద కూర్చుంటే, దుర్గాసాయి చెల్లెల్ని టీకొట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"రాకపోతే ఏడుస్తావు, అది తెలుస్తూనే ఉంది. వస్తే ఏంటో ఆలోచించావా?"

"వస్తే ఏంటి అన్నయ్యా?"

"వస్తే ఇక నీ బతుకు ఆ కొట్టూ ఆ ఇల్లూ. ఆవిడకి అరవై నాలుగు. ఇంకో పదేళ్ళకి ఆవిణ్ణీ నువ్వే చూడాలి, బిడ్డనీ నువ్వే చూడాలి." టీ గ్లాసు పక్కన పెట్టాడు. "మా పక్క మిల్లులో బుల్లిబాబని ఒకాయన ఉన్నాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. నెమ్మదైన మనిషి. నీ గురించి అడిగాడు. నేనేం మాటివ్వలేదు. కానీ చంటిబిడ్డని ఎత్తుకున్నాక ఇలా ఎవరూ అడగరమ్మా."

రాకపోతే ఎలాగన్న భయం హారతికి పాతదే, రెండుసార్లు అనుభవించిందే. వస్తే ఎలాగన్న భయం ఆ టీకొట్టు దగ్గరే మొదలైంది. ఎవరి నోట విన్నా ముప్పై అంటే ఆశ, డెబ్భై అంటే దిగులు. తనకి మాత్రం రెండూ భయంగానే ఉన్నాయి. ఆ మాట ఎవరితో అనాలో తెలియలేదు. అనగలిగిన మనిషి ఒక్కడే, అతను లేడు.

ఇంకో ఏడాది ఉంచమందామా అని అత్తగారిని అడిగి చూసింది.

"నువ్వు ఎన్నేళ్ళు ఉంచినా అది అలాగే ఉంటుంది. నేను ఉండాలి కదమ్మా," అంది సంపూర్ణమ్మ.

"ఊళ్ళో ఏమంటారండీ? ఆయన పోయి ఏడాది దాటాక కడుపేంటని అనరూ?"

"అననీ. కొట్టు ముందు కుర్చీ వేసుక్కూచుని నేనే చెప్తాను, ఇది నా కొడుకు బిడ్డని. నా మాట కాదనే వాళ్ళు నా కొట్టుకి రానక్కర్లేదు."

ఆసుపత్రికి ఫోన్ చేసి, తీసేయడమంటే ఏం చేస్తారని హారతి అడిగింది. "బయటికి తీసి వదిలేస్తామండి. దానంతటదే పోతుంది," అన్నారు. ఆ మాట విన్నాక ఇక వద్దనడానికి ఆమెకి నోరు రాలేదు. కావాలనిపించి ఒప్పుకోలేదు, వద్దనలేక ఒప్పుకుంది.

మళ్ళీ మాత్రలు మొదలయ్యాయి. పాత వికారం, పాత తలనొప్పి. సంపూర్ణమ్మ కోడల్ని మేడమెట్లు ఎక్కనిచ్చేది కాదు. అన్నంలోకి వేడివేడిగా ఏదో ఒకటి చేసి పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. మధ్యాహ్నాలు కొట్టులో తనే కూర్చుని, పక్క కొట్టు లోవమ్మకి ముందుగానే అంతా చెప్పేసింది. లోవమ్మ నోరు నొక్కుకుని వింది. సాయంత్రానికి ఆ వీధంతా తెలిసిపోయింది. ఎదురుకొట్టు కుర్రాళ్ళు హారతి వస్తుంటే మాటలు ఆపేసేవారు. ఆ చూపులు భరించలేక ఆమె కొట్టుకి వెళ్ళడం మానేసింది.

డాక్టర్ చెప్పిన రోజున ఇద్దరూ రాజమండ్రి వెళ్ళారు. ఆకుపచ్చ గౌను తొడిగి, నీళ్ళు బాగా తాగమన్నారు. స్కానింగులో సరిగా కనబడాలంటే మూత్రం ఆపుకోవాలి. నర్సు ప్రిస్కిల్లా ముందు రెండుసార్లూ ఉన్న మనిషే. దుప్పటి సర్ది, "ఈసారి మంచే జరుగుతుంది మేడం," అంది. హారతి బల్ల మీద పడుకుని ఎదురుచూసింది. పొత్తికడుపు బిగుసుకుపోయి నొప్పి మొదలైంది. గోడ అవతల ఎవరో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. చాలాసేపు ఎవరూ రాలేదు.

చివరికి డాక్టర్ మాస్కు కిందికి లాక్కుంటూ వచ్చింది. ఆ మొహం చూడగానే ప్రిస్కిల్లా తల పక్కకి తిప్పుకుంది.

"హారతి గారూ, కరిగించామండి. తేరుకోలేదు. ఇంకాసేపు చూశాం. కణాలు బతకలేదండి. పెట్టడానికి ఏమీ లేదు."

హారతి ఆమె వైపే చూసింది. నోట్లోంచి వచ్చిన మొదటి మాటకి ఆమె తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది.

"అయితే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాండీ?"

బాత్రూములో కూర్చున్నాక ఒళ్ళంతా తేలికైంది. అది నొప్పి తగ్గినందుకు మాత్రమే కాదని ఆమెకి తెలిసింది. ఇన్నాళ్ళూ గుండెల మీద ఉన్నదేదో దిగిపోయింది. ఆ వెంటనే, భాస్కర్‌ది ఇక ఈ లోకంలో ఏదీ లేదన్న సంగతి తట్టింది. పంపు తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.

బయట సంపూర్ణమ్మ లేచి నిలబడింది. "అప్పుడే నడుస్తున్నావేంటి? పెట్టారా?"

డాక్టరే చెప్పింది. సంపూర్ణమ్మ విని, కేకలు వేయలేదు, ఎవరినీ తిట్టలేదు. చేతులు జోడించింది.

"అమ్మా, అది నాకిచ్చేయండి."

"ఏదండీ?"

"ఆ పిండం. ఎలా ఉన్నా సరే. గోదాట్లో కలుపుకుంటాను. వాణ్ణి కలిపిన చోటే కలుపుకుంటాను."

"కంటికి కనబడేది ఏమీ ఉండదు పెద్దమ్మగారూ. బయటికి ఇవ్వడానికి రూల్స్ కూడా ఒప్పుకోవండి."

"కనబడక్కర్లేదమ్మా. ఏ చిన్న సీసాలోనో పోసివ్వండి."

డాక్టర్ మళ్ళీ అదే మాట చెప్పింది. సంపూర్ణమ్మ మళ్ళీ అడిగింది. అక్కడ కూర్చున్న జంటలందరూ తల దించుకున్నారు. హారతి అత్తగారి భుజం పట్టుకుని బయటికి నడిపించుకొచ్చింది.

మధ్యాహ్నం ప్యాసింజరు ఖాళీగా ఉంది. బండి గోదావరి వంతెన మీద పోతున్నప్పుడు సంపూర్ణమ్మ కిటికీకి వీపు తిప్పి కూర్చుంది. కొవ్వూరు దాటాక, "నీకెలా ఉందమ్మా?" అని అడిగింది.

ఎంతో కాలానికి ఒక మనిషి తనని ఆ మాట అడిగేసరికి హారతి ఏదీ దాచుకోలేకపోయింది. "బాధగా ఉందండి," అంది. మళ్ళీ తనే, "తేలిగ్గా కూడా ఉందండి," అంది.

సంపూర్ణమ్మ ఆమె మొహంలోకి చూసింది. కోపంగా కాదు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు. నిడదవోలు వచ్చేదాకా ఇంకేమీ మాట్లాడలేదు.

తర్వాత కూడా మాట్లాడలేదు. వండేది, వడ్డించేది, కొట్టు తీసేది. హారతి గల్లాపెట్టె దగ్గరికి వస్తే ఆవిడ లేచి లోపలి గదిలోకి వెళ్ళేది. హారతి రెండుమూడుసార్లు బతిమాలింది. "నేను కావాలని ఏం చేయలేదు కదండీ, అత్తయ్యగారూ." సంపూర్ణమ్మ విని ఊరుకునేది. ఒకరోజు అన్నం తింటూ తల ఎత్తకుండానే అంది.

"నువ్వు మీ అన్నయ్య దగ్గరికి వెళ్ళిపో అమ్మా. నీ తప్పేం లేదు, అది నాకు తెలుసు. కానీ నిన్ను చూస్తుంటే, అది పోయినందుకు ఊపిరి పీల్చుకున్న మనిషే కనబడుతోంది నాకు. నిన్ను అలా చూస్తూ నేను ఈ ఇంట్లో బతకలేను."

"నాకు ఇక్కడే ఉండాలని ఉందండి," అంది హారతి. అది నిజం. వెళ్ళిపోవడం గురించి నెలల తరబడి తనలో తాను వాదించుకున్న మనిషికి, వెళ్ళమన్నాక వెళ్ళబుద్ధి కాలేదు. ఆ కొట్టులో ఏ సామాను ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. భాస్కర్ గురించి మాట్లాడుకోగల ఇల్లు అదొక్కటే.

సంపూర్ణమ్మ చెయ్యి కడుక్కుని లేచింది.

దుర్గాసాయి కారు తెచ్చాడు. తణుకులో మేడ మీద గది ఇచ్చారు. వదిన బాగానే చూసుకునేది. బుల్లిబాబు ఒక ఆదివారం వచ్చి, కాఫీ తాగి, పిల్లలంటే తనకి చాలా ఇష్టమని చెప్పి వెళ్ళాడు. తనకి పిల్లలు పుట్టే ఆశ తక్కువని డాక్టర్లు చెప్పిన సంగతి హారతి అన్నయ్య చేతే అతనికి చెప్పించింది. అతను మళ్ళీ రాలేదు.

మాఘమాసం పెళ్ళిళ్ళ ముందు ఒక సాయంత్రం సంపూర్ణమ్మ ఫోన్ చేసింది. హారతి కంగారుగా తీసింది.

"పెద్ద గుండిగలు ఎక్కడ పెట్టావు? బేరం వచ్చింది, కనబడ్డంలేదు."

"మేడ మీద, అట్టపెట్టెల వెనకాలండి. ఒక్కరే దించకండి, బరువు. నన్ను రమ్మంటారా?"

అవతల చాలాసేపు బేరగాళ్ళ మాటలే వినబడ్డాయి.

"వద్దులే," అంది సంపూర్ణమ్మ. "నేను దింపుకుంటాను."