వేళ్ల వెనకతట్టు

నరసింగరావు మాస్టారి క్లాసులో ఎవరికీ నిద్ర రాదు. భిలాయి ఉక్కు కర్మాగారంలో ముప్పై ఆరేళ్లు కరెంటుతో కాపురం చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు ఆ ఊళ్లోనే ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికులకు వైరింగు భద్రత నేర్పుతున్నాడు. నియమాలు అయిదే. మెయిన్ స్విచ్చి ఆపాలి, దానికి ఎవరి తాళం వాళ్లే వెయ్యాలి, తాళంచెవి తన జేబులోనే ఉంచుకోవాలి, 'పని జరుగుతోంది' అన్న బోర్డు తగిలించాలి, టెస్టరుతో చూశాకే తీగ ముట్టాలి. ఇవి చెప్పడానికి పావుగంట చాలు. క్లాసు మాత్రం రెండు గంటలు. తక్కినదంతా ఆయన కథలే.

వాటిలో బాగా గిరాకీ ఉన్నది ఒకటుంది. పనిలో చేరిన కొత్తలో, టెస్టరు లేని రోజుల్లో, తీగకు వేళ్ల వెనకతట్టు ఆనించి కరెంటు చూసేవాడట. "అరసెయ్యి ఎడితే పట్టేసుకుంటాది. ఎనకతట్టు ఎడితే ఇసిరి కొట్టేస్తాది. అదే కిటుకు," అంటూ చెయ్యి విదిలించి చూపించేవాడు. గదిలో ఒకటే నవ్వు. "మీరు మాత్రం అలా సెయ్యకండర్రా," అని చివర్లో అనేవాడు. ఆ నవ్వుల్లో ఈ మాట ఎవరి చెవిన పడిందో ఆయన ఏనాడూ పట్టించుకోలేదు. నవ్వించడమంటే ఆయనకు మా చెడ్డ ఇష్టం.

క్లాసయ్యాక పరీక్ష, పాసైతేనే గేట్ పాస్. ప్రశ్నలన్నీ హిందీలో ఉంటాయి. క్యాంప్ 2 బస్తీ నుంచి వచ్చే జగ్గయ్య హిందీ మాట్లాడతాడు గాని చదవలేడు. నలభై దాటిన మనిషి ఆ కాగితం ముందు తల వంచుకుని కూర్చుంటే మాస్టారికి జాలేసింది. "ఇలాగియ్యి," అని లాక్కుని, ఇరవై ప్రశ్నలకూ తనే టిక్కులు పెట్టేశాడు. ఆ బ్యాచిలో ముప్పై ఒక్కమంది ఉంటే, సగానికి పైగా ఇదే ఉపకారం పొందారు.

మూడు వారాలు తిరక్కుండా జగ్గయ్య పోయాడు. వాన నీరు నిలిచిన కేబుల్ గోతిలోకి దిగాడు. తోటివాడు "బంద్ కర్ దియా భయ్యా" అంటే నమ్మాడు. వాడు ఆపింది పక్క మెయిన్. జగ్గయ్య తాళం సంచిలోనే ఉంది, టెస్టరు చొక్కా జేబులోనే ఉంది.

విచారణ రోజున గది బయట బెంచీ మీద జగ్గయ్య భార్య మణిమాల కూర్చుని ఉంది. మాస్టారిని చూసి లేచింది.

"మా ఆయన తప్పేనంటన్నారు మాస్టారూ. ఆయన ఒకరు సెప్పకుండా ఏ పనీ సెయ్యడు. మీరు సెప్పినట్టే సేసుంటాడు. కాదేటి?"

మాస్టారు గబగబా లోపలికి వెళ్లిపోయాడు.

భద్రతాధికారి ధర్మారావు నెమ్మదైన మనిషి. జగ్గయ్య పరీక్ష కాగితం ముందుకు జరిపాడు. ఇరవైకి ఇరవై.

"అన్నీ తెలిసినవాడు నరసింగరావుగారూ. తెలిసే చేశాడు. అతని నిర్లక్ష్యమే కారణమని రాస్తున్నాను. పాఠం అర్థమైందని మీరు సంతకం పెడితే సరిపోతుంది." సంతకం పెట్టాల్సిన చోటు చూపించి, "ఒక్కటే నాకు అంతుపట్టలేదు. కాలిన గాయం వేళ్ల వెనకతట్టున ఉందట," అన్నాడు.

మాస్టారికి అంతుపట్టింది. సంతకం పెడితే కొలువు నిలుస్తుంది, నింద చచ్చినవాడి నెత్తిన ఉండిపోతుంది. కలం అందుకుని మళ్లీ కింద పెట్టేశాడు.

"ఆ టిక్కులు నాయి సార్. ఆడికి సదువు రాదు. సగం మందికి నానే ఎట్టాను."

సగమే చెప్పాడు. వేళ్ల కథ సంగతి దాచేశాడు. సిగ్గేసింది, అంతకంటే భయమేసింది.

ధర్మారావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇక్కడ మీ పని అయిపోయింది, అది మీకూ తెలుసు. మరి తక్కిన ముప్పై మందీ ఈ పూట కూడా తీగలు పట్టుకుంటున్నారే?"

అప్పటికప్పుడు వాళ్లను పనిలోంచి పిలిపించారు. ఈసారి కాగితాల్లేవు. బల్ల మీద కరెంటు లేని ఒక వైరింగు బోర్డు, పక్కన టెస్టరు. కరెంటు ఉందో లేదో చూసి చెప్పాలి. మాస్టారు ఓ మూల కుర్చీలో కూర్చున్నాడు. కథను నమ్మింది జగ్గయ్య ఒక్కడే అయ్యుండాలని మనసులో వేయి దండాలు పెట్టుకున్నాడు.

ముందుగా వచ్చినవాడు సూర్యప్రకాష్. భిలాయిలోనే పుట్టి పెరిగాడు, హిందీ గడగడా చదువుతాడు. పరీక్ష తనంతట తనే రాసి పాసయ్యాడు. టెస్టరు వైపు చూడనైనా లేదు. మాస్టారిని చూసి చిన్నగా నవ్వి, చెయ్యి తిప్పి, వేళ్ల వెనకతట్టు తీగకు ఆనించాడు.

"లేదు సార్. ఉంటే ఇసిరి కొట్టేసును."

వరుసలో ఉన్నవాళ్లు క్లాసులో నవ్వినట్టే నవ్వారు.

"ఇదెవరు నేర్పారు?" ధర్మారావు అడిగాడు.

"ఇంకెవరు సార్, మాస్టర్‌జీయే."

తలుపు తీసే ఉంది. నవ్వులు విని మణిమాల గుమ్మం దాకా వచ్చి నిలబడింది. నరసింగరావు కుర్చీలోంచి లేచాడు. అధికారి వైపు చూడలేదు. ఆవిడ ముందుకే వెళ్లాడు.

"అవునమ్మా," అన్నాడు. "నాను సెప్పినట్టే సేసాడు."