అంచు నాడె

"అమ్మా, నా పుట్టినరోజుకు మూడు కావల్ల నాకు" అంది జయమ్మ, రాట్నం పక్కన చతికిలబడి. నేను కండెలు చుడుతున్నాను. కండె చుట్టేటప్పుడు మాట్లాడితే పోగు తెగుతుందని మా అత్త అక్కయమ్మ సిద్ధాంతం. ఆవిడ మాత్రం పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంటుంది, పోగు తెగితే నన్నంటుంది.

పుట్టినరోజుకు కోరికలు చెప్పుకోవడం మా కబ్బన్‌పేట నేతగాళ్ళ ఇళ్ళలో ఎన్నడూ లేదు. ఆ జబ్బు దొరల పటాలం ఉండే దండు నుంచి వచ్చింది. మాకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారు వెంకటగిరియప్ప కూతురు దండులో దొరసాని బడికి పోతుంది. అక్కడ పుట్టినరోజు పిల్ల తనకేం కావాలో ముందే చెప్పాలట, తక్కినవాళ్ళు తెచ్చివ్వాలట. ఆ ముచ్చట ఇంటికి మోసుకొచ్చింది. సావుకారు భార్య సుబ్బలక్ష్మమ్మ మగ్గమున్న ప్రతి ఇంటికీ మనిషిని పంపింది. ఒకరిని వెండి గిన్నె అడిగింది, ఒకరిని కళ్ళు మూసి తెరిచే బొమ్మ. మమ్మల్ని పట్టు పావడ. యుద్ధం పేరు చెప్పి పట్టంతా సర్కారు ఎత్తుకుపోతున్న రోజులు. మిగిలిన కాస్త పట్టు ఏ మగ్గానికివ్వాలో సావుకారు ఇష్టం. ఆ పాప అడిగింది ఇవ్వని ఇంట్లో వచ్చే నెల పొయ్యి వెలగదు.

"ఏమేం కావాల నీకు?" అన్నాను జయమ్మతో.

"పట్టు పావడ. బేకరీలో బన్ను ఉంటాది చూడు, లోపల ద్రాక్షలేసింది, అది."

"మూడోది?"

"ఇప్పుడు చెప్పను. తరువాత చెప్తా."

నాకు లోలోపల సంతోషమేసింది, ఎందుకంటే పావడ అప్పటికే తయారుగా ఉంది. పడుగు అయిపోయాక మగ్గం మీద మిగిలే మూరెడు పోగులు ఇంటి ఆడదానివి. మా పేటలో సావుకార్లు కూడా ఆ పోగుల లెక్క అడగరు. జయమ్మకు పాలు మానిపించినప్పటి నుంచీ ఆ పోగులు ఒక్కొక్కటీ ముడేసి దాచాను. అమావాస్యకు నేతగాళ్ళ మగ్గాలకు సెలవు. ఆ రోజుల్లో వంట తొందరగా ముగించుకుని, వెనక సందులో నంజమ్మ ఇంట్లో మూలపడ్డ పాత మగ్గం మీద నూలు పడుగేసి, ఆ ముడిపోగులతో నేశాను. ఒక వరస పసుపు, ఒక వరస వంగపండు రంగు, ఏ చీరలో మిగిలిన రంగు ఆ వరసది. నా ఈ ఒంటి మీద నాదంటూ ఏమీ లేదు గానీ ఆ పావడ నాది. నా కూతురు దాన్ని కట్టుకుని వీధిలో తిరుగుతుంటే చూడాలి, అంతే నాకు కావలసింది.

మా మగ్గం సంగతి కూడా చెప్పాలి. అది ఒక్కరితో నడవదు. చీర ఒంటికి అడ్డపోగు మోసే నాడె ఒకటి, రంగు అంచుకు ఇంకొక నాడె. ఒంటి నాడె మా ఆయన ఓబళప్ప విసురుతాడు. వెంటనే పక్కన కూర్చుని అంచు నాడె నేను విసరాలి. నేను లేచి పొయ్యి దగ్గరికి పోతే మగ్గం ఆగుతుంది, ఆగితే తిట్లు నాకు. కూలి మాత్రం ఆయన పేరున వస్తుంది.

పావడ సంగతి అత్త పసిగట్టింది. కొడుకు చెవిన వేసింది. ఆ సాయంత్రం ఓబళప్ప నా పెట్టె బోర్లించి పావడ బయటికి లాగాడు.

"ఇంట్లో ఇంత సొగసైంది పెట్టుకోని, సావుకారికి ఏమిచ్చేదని నేను తల బద్దలు కొట్టుకుంటా ఉండాను."

"అది బిడ్డది" అన్నాను.

"బిడ్డకు ఇంకోటి నేద్దువులే."

"ఇన్నేండ్లు పట్టింది అది నేసేకి. ఇయ్యను."

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఒక్క ముడి వెయ్యని మనిషి దాన్ని మడిచి చంకన పెట్టుకున్నాడు. నేను రెండో కొస పట్టుకున్నాను. వదలమన్నాడు. వదల్లేదు. మగ్గం మీది నాడె తీసుకుని కొట్టాడు. నాడెకు రెండు కొనలా ఇనుప ముక్కులుంటాయి. ఒకటి నా కనుబొమ్మలో దిగింది. రెండో దెబ్బకు దవడ పన్ను కదిలి నోరంతా ఉప్పగా అయింది. అయినా వదల్లేదు. జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు, పడ్డాక డొక్కలో తన్నాడు. చంపెయ్యి అనుకున్నాను, ఇది మాత్రం ఇవ్వను అనుకున్నాను. అప్పుడు అత్త గొంతు వినిపించింది.

"రక్తం పడతాది పావడ మీద. ముందు దాన్ని పెరుక్కోరా."

వేళ్ళు తొక్కి పెరుక్కున్నాడు.

నాకో అలవాటుంది. దెబ్బలు తిన్న మర్నాడు కొళాయి దగ్గర ఆడవాళ్ళు అడిగితే నవ్వుతాను. "మగ్గం దూలం తగిలిందక్కా, నా కండ్లు ఏడబోయినాయో" అంటాను. వాళ్ళూ నవ్వుతారు. వాళ్ళ ఇళ్ళలోనూ దూలాలున్నాయి. ఆ నవ్వు ఎంత చక్కగా నేర్చుకున్నానంటే, పెదవి చిట్లినా వచ్చేస్తుంది.

జయమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి నా కన్ను తుడిచింది. ఏడవలేదు. గుడ్డ పిండుతూ అంది: "పావడ వద్దులే. బన్నూ వద్దు. మూడోది ఒకటే ఇయ్యి."

"చెప్పు."

"నాయన కొట్టినాక నువ్వు అందరి దగ్గరా నగుతావు గదా. ఇంక నగొద్దు మా."

దుడ్డు పెట్టి కొనాల్సిన పని లేని కోరిక. కానీ ఆ నవ్వు తీసేస్తే ఈ ఇంట్లో నన్ను నిలబెట్టేది ఏముంది?

మర్నాడు పాప పుట్టినరోజుకు సావుకారు ఇంటికి అందరం పోయాం. నేను రాకుంటే అనుమానం వస్తుందని మా ఆయన నన్ను రమ్మన్నాడు. పాప ఆ పావడ అప్పటికప్పుడే కట్టుకుని గిరగిరా తిరిగింది. నా రంగులన్నీ తిరిగాయి. సుబ్బలక్ష్మమ్మ మురిసిపోయి, "బలే ఉండాది ఓబళప్పా. మంచి పడుగే ఇప్పిస్తాలే" అంది. ఆయన చేతులు కట్టుకుని వంగాడు. అప్పుడు ఆవిడ చూపు నా మీద పడింది.

"కంటికేమాయ అంజినమ్మా?"

"దూలం తగిలిందమ్మా. ఎప్పుడూ పరధ్యానమే దీనికి" అన్నాడు ఆయన నవ్వుతూ. అందరూ నా వైపు తిరిగారు, నా నవ్వు కోసం. వచ్చేసింది కూడా, పెదవి చివర దాకా. జయమ్మ పావడ వైపు చూడటం లేదు. నా నోటి వైపు చూస్తోంది.

"దూలం కాదమ్మా" అన్నాను. "నాడెతో కొట్టినాడు. ఆ పావడ నా బిడ్డకు నేసింది. ఇయ్యనంటే కొట్టి పెరుక్కున్నాడు."

పాప తిరగడం ఆపింది. సుబ్బలక్ష్మమ్మ, "ఇట్లాంటివి నలుగురిలో చెప్తారా ఎవరైనా" అని మొహం తిప్పుకుని తాంబూలం పళ్ళెం సర్దుకుంది.  నా తరఫున ఎవరైనా మాట్లాడతారని నేనూ అనుకోలేదు.

దారిలో, "ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. పట్టు ఇస్తారా ఇంక మనకు? ఈ పొద్దు వాడు నిన్ను చంపినా నేను అడ్డం రాను" అంది అత్త. ఎప్పుడు వచ్చింది గనక.

ఇంట్లోకి రాగానే తలుపు గడియ పెట్టి, మగ్గం మీంచి తన నాడె తీసుకున్నాడు. పారిపోవడానికి దారి లేదు. నా కాళ్ళు వాటంతటవే మగ్గం పక్కన నేను రోజూ కూర్చునే చోటికి నడిచాయి. అక్కడ అంచు నాడె ఉంది. అదే కొయ్య, అవే ఇనుప ముక్కులు. పెళ్ళయినప్పటి నుంచీ పగలంతా నా చేతిలోంచే పోయి వస్తోంది. కళ్ళు మూసుకుని విసిరినా నాకు గురి తప్పదు. అది పిడికిట్లో పట్టుకుని, జయమ్మను వెనక్కి నెట్టి ఆయన వైపు తిరిగాను. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగింది.

"ఏం చేస్తావే దాంతో?"

"నువ్వు విసిరితే నేనూ విసరల్ల గదా" అన్నాను. "మన మగ్గం నడిచేది అట్లనే."

నవ్వకుండానే అన్నాను.