మావయ్య ఎక్కిన పుల్ల

శుభ్రం విషయంలో నాతో పెట్టుకోవద్దు. నేల మీద ఒక్క మెతుకు కనిపించినా నాకు ఒళ్లు మండుతుంది. అందుకే సైన్సు టీచరు "రేపు బడి వెనక కుంటలో చెత్త తీసేద్దాం, లీడరువి నువ్వే" అనగానే నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మా చెల్లి ఒట్టి జిడ్డు. పేరు కాదు, గుణం. పట్టుకుంటే వదలదు. ఈ ఏడు ఆ కుంటను పట్టుకుంది. అందులో ఒక తూనీగ పిల్ల ఉంది. రెక్కలు రాకముందు తూనీగలు నీళ్లలోనే పెరుగుతాయట. అది కింది దవడ చటుక్కున చాచి కప్పపిల్లను లాగేసుకుంటుంది, అచ్చం మా మావయ్య పక్కవాళ్ల పళ్లెంలోకి చెయ్యి చాచినట్టే. అందుకని దాని పేరు మావయ్య. పైగా ఒక కాలు లేదు. "కుంటలో కుంటి మావయ్య" అంటూ రోజూ భోజనాల దగ్గర ఒకటే సోది. ఏదో ఒక పొద్దున గడ్డికాడ ఎక్కి, తోలు వదిలేసి, ఎగిరిపోతాడట. అది చూడాలని చెల్లికి ఒకటే తహతహ.

మర్నాడు ప్లాస్టిక్ సీసాలు, కవర్లు ఇట్టే ఏరేశాం. సంచుల కోసం టీచరు లోపలికి వెళ్లారు. నాకింకా ఆశ తీరలేదు.

"నాచు మాత్రం చెత్త కాదేంటి? ఆ గడ్డి కూడా పీకండి!" అన్నాను.

టీచరు వచ్చేసరికి కుంట తోమిన పళ్లెంలా ఉంది. మెచ్చుకుంటారని ఠీవిగా నిలబడ్డాను.

"అయ్యో, అది చెత్త కాదమ్మా. వాటి ఇల్లు" అన్నారు టీచరు.

అప్పుడే చెల్లి పరిగెత్తుకొచ్చింది. ఎండలో పడున్న నాచు కుప్పను చూసింది.

"అక్కా, మావయ్య ఏడీ?"

చెల్లి ఏడవలేదు. "నీతో మాట్లాడను" అని అటు తిరిగింది. జిడ్డు నన్ను వదిలేయడం అదే మొదటిసారి.

అందరం కుప్ప మీద పడి వెతికాం. నత్తలు, పురుగులు, కప్పపిల్లలు, దొరికినదాన్నల్లా నీళ్లలో వదిలాం. నాచు మధ్య మావయ్య కూడా దొరికాడు, ఇంకా కదులుతున్నాడు. నాచంతా మళ్లీ కుంటలో వేశాం. పీకిన గడ్డి మాత్రం ఎంత గుచ్చినా వాలిపోయింది. ఇక మావయ్య దేన్ని పట్టుకుని పైకెక్కుతాడు?

ఇంటికెళ్లి, ఎవర్నీ ముట్టుకోనివ్వని నా చీపురు విప్పేశాను.

"నీకేమైనా పిచ్చా?" అంది అమ్మ.

పుల్లలన్నీ తీసుకెళ్లి కుంట అంచున బురదలో గుచ్చాను. చెల్లి దూరంగా నిలబడి చూసింది. ఆ వారమంతా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో! ఆ సోది కోసం నా ప్రాణం కొట్టుకుపోయింది.

ఒక పొద్దున బడి గంటకు ముందు, ఒక చీపురు పుల్లకు ఎండిన తోలు అంటుకుని ఉంది. వీపు మీద చీలింది, లోపల ఖాళీ. చెల్లి వంగి కాళ్లు లెక్కపెట్టింది.

"అయిదే! అక్కా, మావయ్యే!"

"ఎగరడం చూడలేకపోయావు కదే" అన్నాను.

"ఎక్కాడుగా" అంటూ నా చెయ్యి పట్టుకుంది. గంట కొట్టినా వదల్లేదు.